పొగాకు ఆకుమీది మందును బొమ్మ తీసి చూపితే తగాదా తెగుతుందా?

కొండపి బ్యారన్ రైతు

పోయిన సీజనులో వేలం కేంద్రంలో మా బేళ్లు రెండు నోబిడ్ అయ్యాయి, అంటే ఎవరూ పాట పాడలేదు. కారణం అడిగితే, ఆకులో పురుగుమందు అవశేషం ఉందని ఒక బయ్యరు తరఫు మనిషి నోటిమాటగా చెప్పాడే తప్ప కాగితమేదీ చూపలేదు. నారుమడిలో తెల్లదోమకు ఇమిడాక్లోప్రిడ్ వాడిన మాట నిజమే గాని, నాటిన తరువాత దాని జోలికి పోలేదు. పక్క మిరప చేలో కొట్టిన మందు గాలికి వచ్చి మా ఆకుమీద పడిందని నా అనుమానం. ఆకును నూరకుండా, ఉన్నదున్నట్టుగా పెట్టి, ఏ మందు ఎక్కడ ఉన్నదో బొమ్మగా చూపే యంత్రం ఉన్నదట. రైతులందరం చందాలు వేసుకొని జిల్లాకు ఒకటి తెప్పించుకొంటే ఇటువంటి తగాదాలు తెగుతాయా?

కావలి కెమిస్ట్రీ మాస్టారు

తెగుతాయనే నా అభిప్రాయం. మీరు విన్నది డెసి అనే పద్ధతి గురించి అయి ఉంటుంది. 2004లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో గ్రాహం కుక్స్ బృందం దీనిని ప్రకటించింది. మాల్డి వంటి పాత పద్ధతులలో నమూనామీద మ్యాట్రిక్స్ అనే పూత పూసి, సాధారణంగా గాలి తీసేసిన గదిలోకి పంపాలి. డెసిలో ఆ బెడద లేదు. మెథనాలు, నీరు కలిపిన ద్రవానికి విద్యుదావేశమిచ్చి, నైట్రోజన్ వాయువు తోడుతో సన్నని తుంపరగా ఆకుమీదికి కొడతారు. అది పలుచని తడిపొరగా నిలిచి అక్కడి పదార్థాన్ని కరిగించుకొంటుంది. వెనుక వచ్చి తగిలే బిందువులు ఆ తడిని చెదరగొట్టగా, ఎగిరిన నలుసులు అయాన్ల బరువును కొలిచే మాస్ స్పెక్ట్రోమీటరు గొట్టంలోకి పోయి అయాన్లుగా మారుతాయి. బల్ల కొద్దికొద్దిగా జరుగుతుంటే చుక్కచుక్కకూ ఒక లెక్క వస్తుంది. బరువుల వరుసలో ఇమిడాక్లోప్రిడ్ గీత 256 దగ్గర కనబడుతుంది. అందులో ఒక క్లోరిన్ ఉన్నందువల్ల 258 దగ్గర మూడోవంతు ఎత్తున తోడుగీత కూడా ఉంటుంది. గాలికి వచ్చి పడిన మందైతే బొట్లుబొట్లుగా, వేరునుంచి ఎక్కినదైతే ఈనెల పోకడను బట్టి కనబడాలి. మీ తగాదా అంతా అక్కడే ఉన్నది కదా.

నెల్లూరు ల్యాబు ఉద్యోగి

మాస్టారు యంత్రాన్ని చక్కగా వివరించారు గాని, ఆయన లెక్కలో పొగాకు లేదు. ఈ ఆకులో నికోటిన్ నూటికి ఒకటి నుంచి మూడు పాళ్లు ఉంటుంది, ప్రోటాన్‌ను ఇట్టే పట్టుకొని 163 దగ్గర పెద్ద గీతగా లేస్తుంది. దాని పక్కన పది లక్షల పాళ్లలో ఒకటో అరో ఉండే మందుకు అయాను అయ్యే వంతు సరిగా రాదు. మేము ఆకును పొడిచేసి, అసిటోనైట్రైలుతో లాగి, ద్రవ క్రోమటోగ్రఫీ గొట్టంలో నికోటిన్‌ను, మందును వేరువేరు నిమిషాలలో దిగేటట్టు చేసి తూస్తాము. డెసిలో ఆ విడదీత ఉండదు.

రెండోది కాలం. పది సెంటీమీటర్ల చదరపు ముక్కను 200 మైక్రాన్ల చుక్కలుగా తీస్తే రెండున్నర లక్షల చుక్కలు. చుక్కకు సెకను చొప్పున మూడు రోజులకు కాస్త తక్కువ పడుతుంది. తుంపర కోణం, ఎత్తు మిల్లీమీటరు తేడా వచ్చినా గీత ఎత్తు మారిపోయే పద్ధతికి, బ్యారన్‌లో వేడికి ఆరి ముడుచుకొన్న ఆకును ఎలా పరుస్తారు? బయ్యరు అడిగేది కిలోకు ఎన్ని మిల్లీగ్రాములని. బొమ్మ దానికి బదులు చెప్పదు.

కావలి కెమిస్ట్రీ మాస్టారు

ఆకంతా తీయనక్కరలేదు, సెంటీమీటరు చదరపు ముక్కకు 2,500 చుక్కలే, ముప్పావుగంటలోపు పని. ముడతలున్న ఆకును పోరస్ టెఫ్లాన్ మీద అద్ది, ఆ అచ్చును తీసేవారు ఉన్నారు. ఇక నికోటిన్ సంగతికి వస్తే, 256ను పగలగొట్టి 209, 175 ముక్కలను చూస్తే చాలదా?

నెల్లూరు ల్యాబు ఉద్యోగి

చాలదు మాస్టారూ. పగలగొట్టేది అయాను అయిన తరువాత. నికోటిన్ అడ్డుపడేది అంతకుముందే. ముక్కలు చూస్తే పొరబాటు పేరు పెట్టము గాని, లేదని కనబడినది నిజంగా లేదో, అణగిపోయిందో తెలియదు. పైగా బ్యారన్‌లో 70 డిగ్రీల వేడి తగిలిన ఆకుమీద బొట్టు అంచు చెదరకుండా నిలిచిందని ఎవరు హామీ ఇస్తారు? ఎక్కడినుంచి వచ్చిందో వెదకడానికి బొమ్మ పనికివస్తుందని నేనూ ఒప్పుకొంటాను, అయితే దానికి కోతకు ముందటి పచ్చాకు కావాలి, అదీ రెండు వైపులా అద్ది తీసినది. చందాలు పోగుచేసే మాటుంటే ముందు బేలుకు ఒక మామూలు పరీక్ష కాగితం తెచ్చుకోండి.

కొండపి బ్యారన్ రైతు

పచ్చాకు ఇప్పుడెక్కడిదండీ. ఆ బేళ్లలోంచి తీసిన మూడు ఆకులు మాత్రం వార్తాపత్రికలో చుట్టి అటకమీద పెట్టాను.

నెల్లూరు ల్యాబు ఉద్యోగి

ముందు ఆ పత్రిక తీసేయండి, సిరా ఆకుకు అంటుతుంది. ఒక్కొక్క ఆకును వేరుగా అల్యూమినియం రేకులో చుట్టి, మందు డబ్బాలు లేని గదిలో ఉంచండి. అయితే మూడు ఆకులతో బేలు సంగతి తేలదు. ఇంకా అమ్మకుండా ఉంటే రెండు బేళ్లలోనూ పైనుంచి, నడుమనుంచి, అడుగునుంచి తీసి కలపండి.