ఎల్-1 మీద వెళ్ళాలా, హెచ్-1బి కోసం ఆగాలా? నేను కూడా జాబ్ చేయాలండి

ప్రశ్న:
అందరికీ నమస్తే అండి. మేము కూకట్‌పల్లిలో ఉంటాం, పెళ్ళయి ఏడాది కావస్తోంది. మా ఆయన ఇప్పుడున్న కంపెనీలో చాలాకాలంగా చేస్తున్నారు, వాళ్ళు ఎల్-1బి (అదే కంపెనీ తన అమెరికా ఆఫీసుకి పంపే వీసా) మీద టెక్సస్ పంపిస్తామంటున్నారు. ఇంకో కన్సల్టెన్సీ వాళ్ళేమో మార్చిలో హెచ్-1బి (అమెరికా కంపెనీ కొత్తగా జాబ్‌కి తీసుకునే వీసా) లాటరీకి వేస్తాం, అప్పటిదాకా ఆగండి అంటున్నారు. ఇంట్లో అందరూ హెచ్-1బి అయితేనే గట్టిది అని ఒకటే మాట. కానీ నేను టెస్టింగ్‌లో జాబ్ చేస్తున్నా, అక్కడికెళ్ళి ఖాళీగా కూర్చోవడం నా వల్ల కాదు. మా పెళ్ళి ఇంకా రిజిస్టర్ కూడా చేయించలేదు. తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

జవాబు:
చెల్లీ, ఇంట్లోవాళ్ళు మీ ఆయన వీసా గురించే మాట్లాడుతున్నారు, నీ వీసా ఏంటో ఎవరూ చూడట్లేదు. ఆయన ఎల్-1 మీద వెళ్తే నీది ఎల్-2, ఆయన హెచ్-1బి మీద వెళ్తే నీది హెచ్-4. నీ జాబ్ విషయంలో ఈ రెండిటికీ చాలా తేడా ఉంది. ఎల్-2 మీద వెళ్ళిన భార్యకైనా భర్తకైనా దిగిన రోజు నుంచే పనిచేసే హక్కు ఉంటుంది, 2021 నవంబర్‌లో ఒక కోర్టు కేసు సెటిల్ అయ్యాక ఈ రూల్ వచ్చింది, అంతకుముందు ఈఏడీ కార్డు (పనిచేయడానికి ఇచ్చే పర్మిట్) కోసం నెలలు నెలలు ఎదురుచూసేవాళ్ళు. ఇప్పుడు కార్డుతో పనిలేదు, ఐ-94 (అమెరికాలో దిగినప్పుడు ఇచ్చే ఎంట్రీ రికార్డు) మీద ఎల్-2ఎస్ అని ఉంటే అదే ప్రూఫ్.

హెచ్-4 అలా కాదు. 2015 నుంచి హెచ్-4కి ఈఏడీ ఇస్తున్నారు నిజమే, కానీ అందరికీ కాదు, ఆయనకి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉండాలి లేదా ఆరేళ్ళు దాటి హెచ్-1బి పొడిగించి ఉండాలి. కొత్తగా వెళ్ళేవాళ్ళకి కంపెనీ గ్రీన్‌కార్డు మొదలుపెట్టి, లేబర్ డిపార్ట్‌మెంట్ అప్రూవల్ అయి, ఐ-140 దాకా రావడానికి ఎంత తొందరగా చూసినా ఏళ్ళు పడుతుంది. అప్పటిదాకా చదువుకోవచ్చు గానీ జాబ్ చేయకూడదు. పైగా 2025 అక్టోబర్ 30 నుంచి ఈఏడీ రెన్యువల్‌కి ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు, కొత్త కార్డు వచ్చేలోపు పాతది అయిపోతే జాబ్ ఆపేయాల్సిందే.

ఇంకో మాట, 2025 సెప్టెంబర్ 21 తర్వాత ఇండియాలో ఉన్న మనిషికి కొత్తగా హెచ్-1బి వేస్తే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలని ఆర్డర్ వచ్చింది కదా, ఆ కన్సల్టెన్సీ వాళ్ళు అది ఎవరు కడతారో రాతపూర్వకంగా చెప్తారేమో అడిగి చూడు. మీ దగ్గరే డబ్బులు అడిగితే అక్కడితో ఫోన్ పెట్టేయి, హెచ్-1బి ఫీజులు కంపెనీయే కట్టాలి, అది చట్టం.

ఇంకొకరు:
అక్క చెప్పింది కరెక్టే గానీ ఎల్-1బితో ఉన్న ఇబ్బంది కూడా చెప్పాలి కదండి. వేరే కంపెనీకి మారడానికి లేదు. లేఆఫ్ అయితే 60 రోజుల గ్రేస్ ఉంటుంది, అది హెచ్-1బికి కూడా ఉంటుంది, కానీ హెచ్-1బి వాళ్ళు ఆ 60 రోజుల్లో కొత్త కంపెనీతో ట్రాన్స్‌ఫర్ వేయించుకోవచ్చు, ఎల్-1 వాళ్ళకి ఆ దారి లేదు. ఎల్-1బి మొత్తం ఐదేళ్ళే, ఎల్-1ఏ మేనేజర్లకైతే ఏడేళ్ళు. నా ఫ్రెండ్స్‌లో కొందరు దీనివల్లే జీతం పెరగకపోయినా అదే కంపెనీలో ఉండిపోయారు.

జవాబు:
అవును తమ్ముడూ, అది చిన్న విషయం కాదు. అందుకే ముందు ఎల్-1 మీద వెళ్ళి అక్కడినుంచి లాటరీకి వేయించుకోవడం మేలు అంటాను. దేశంలోపలే స్టేటస్ మార్చుకుంటే ఆ లక్ష డాలర్లు వర్తించవని 2025 అక్టోబర్‌లో ఇమిగ్రేషన్ వాళ్ళే చెప్పారు. కానీ చెల్లీ, ఇది గుర్తుపెట్టుకో, ఆయన హెచ్-1బికి మారిన రోజు నీ ఎల్-2 కూడా పోతుంది, నువ్వు హెచ్-4కి మారాలి, ఐ-140 అప్రూవ్ అయి హెచ్-4 ఈఏడీ కార్డు చేతికి రాకపోతే ఆ రోజే జాబ్ మానేయాలి. లాటరీ తగిలిందని సంబరపడి ఇది చూసుకోనివాళ్ళు ఉన్నారు. అందుకే ఎల్-1లో ఉండగానే గ్రీన్‌కార్డు ప్రాసెస్ మొదలుపెట్టమని కంపెనీని ఇప్పుడే అడగండి, ఆఫర్ ఒప్పుకోకముందు అడిగితేనే వింటారు. ఎల్-1లో గడిపిన కాలం హెచ్-1బి ఆరేళ్ళలో కలిసిపోతుంది, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

పెళ్ళి రిజిస్ట్రేషన్ మాత్రం ఈ వారమే మొదలుపెట్టు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి శుభలేఖ, పెళ్ళి ఫోటోలు, ఇద్దరి ఆధార్, టెన్త్ మెమోలు, సాక్షుల్ని తీసుకెళ్ళాలి. అక్కడ జాగ్రత్తగా చూసుకోవాల్సింది పేర్లు. మనవాళ్ళకి టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, శుభలేఖలో స్పెల్లింగ్ ఇంకోలా ఉంటుంది. సర్టిఫికెట్‌లో ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రావాలి, ప్రింట్ తీయకముందే స్క్రీన్ మీద చూపించమని అడుగు.

ప్రశ్న అడిగినావిడ:
థాంక్యూ అక్కా, చాలా క్లియర్‌గా చెప్పారు. ఒకవేళ హెచ్-4 అయితే ఇక్కడి కంపెనీకే అక్కడినుంచి వర్క్ ఫ్రం హోం చేయొచ్చా? జీతం ఇక్కడి అకౌంట్‌లోనే పడుతుంది కదా అని మా టీమ్‌లో అంటున్నారు.

జవాబు:
వద్దమ్మా. జీతం రూపాయల్లో వచ్చినా నువ్వు కూర్చుని పనిచేస్తున్నది అమెరికాలో. పర్మిషన్ లేకుండా పనిచేశారని రేపు గ్రీన్‌కార్డు టైంలో తేలితే ఇద్దరికీ తలనొప్పి.

మరొకరు:
మాకింకా పెళ్ళి కాలేదండి, కలిసి ఉంటున్నాం. మాకేమైనా దారి ఉందా?

జవాబు:
అమెరికాకైతే పెళ్ళి లేకుండా ఎల్-2, హెచ్-4 రెండూ ఇవ్వరు. విజిటర్ వీసా మీద తోడుగా వెళ్ళొచ్చు గానీ పనిచేయకూడదు. కెనడా, ఆస్ట్రేలియా, యూకేల్లో పెళ్ళి లేకపోయినా పార్ట్‌నర్‌గా ఒప్పుకుంటారు, కెనడాలో ఏడాది కలిసి ఒకే ఇంట్లో ఉన్నట్టు చూపించాలి, ఇద్దరి పేర్ల మీద అద్దె అగ్రిమెంటు, జాయింట్ అకౌంటు లాంటివి ఇప్పటినుంచే పోగుచేసుకోండి.

చెల్లీ, ఇంకొకటి మర్చిపోయా. ఎయిర్‌పోర్టు దాటిన వెంటనే ఆన్‌లైన్‌లో ఐ-94 డౌన్‌లోడ్ చేసి చూసుకో. మా ఆడపడుచుకి ఆఫీసర్ ఎల్-2 అని ఎక్కించారు, ఎస్ లేదు, జాబ్‌లో చేరేటప్పుడు హెచ్‌ఆర్ ఒప్పుకోలేదు. డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ (ఐ-94 తప్పులు సరిచేసే) ఆఫీసుకి మ్యారేజ్ సర్టిఫికెట్ తీసుకెళ్తే సరిచేశారు. అలాగే ఐ-94లో డేట్ కూడా చూడు. పాస్‌పోర్టు ముందే ఎక్స్‌పైర్ అవుతుంటే వీసా ఎన్నేళ్ళున్నా ఆ డేట్ వరకే ఇస్తారు, నీ పని హక్కు కూడా అక్కడివరకే. నీ పాస్‌పోర్టు ఏ సంవత్సరం దాకా ఉందో చూసుకుని, తక్కువ ఉంటే వీసాకి అప్లై చేయకముందే రెన్యువల్ చేయించుకో.