డి4కి స్టోన్‌వాల్: గోడ నిలుస్తోంది, కింగ్‌సైడ్ దాడే కుదరడం లేదు

బంటు64:
చెస్‌లో బ్లాక్‌తో స్టోన్‌వాల్ (సి6, డి5, ఈ6, ఎఫ్5 గళ్లలో బంట్ల గోడ కట్టే ఓపెనింగ్) ఆడుతున్నా: 1. డి4 ఎఫ్5 2. సి4 గుర్రం ఎఫ్6 3. జి3 ఈ6 4. బిషప్ జి2 డి5 5. గుర్రం ఎఫ్3 సి6 6. కాస్లింగ్, బిషప్ డి6. ఇక్కడిదాకా బాగానే ఉంది. తర్వాతే తికమక. రూక్‌ని ఎఫ్6 మీదుగా హెచ్6కి తెస్తే ఏదో ఒకటి పోతోంది. జి5 ఎప్పుడు తొయ్యాలి? సి8 బిషప్‌ని ఏం చెయ్యాలి? ఆన్‌లైన్ రేటింగ్ 1500.

నల్లగడి:
వైట్ 7. బి3 ఆడితే మీ జవాబు క్వీన్ ఈ7 అయి తీరాలి. వైట్ బిషప్ ఏ3 ఆడి మీ డి6 బిషప్‌ని మార్చేసుకోవాలని చూస్తున్నాడు. సి6, డి5, ఈ6, ఎఫ్5 బంట్లు నాలుగూ తెల్లగళ్లలోనే ఉన్నాయి, నల్లగళ్లకి కాపలా ఆ బిషప్ ఒక్కటే. అది పోయిందంటే ఈ5 గడి వైట్ గుర్రానికి సొంతిల్లే.

రూక్ సంగతి. గుర్రం ఈ4కి వెళ్లాకే ఎఫ్6 ఖాళీ అవుతుంది, అది సరే. కానీ వైట్ బిషప్ ఇంకా సి1లోనే ఉంటే హెచ్6 దాని దారిలోనే ఉంది. డి2లో గుర్రం అడ్డుగా ఉందిలే అనుకుంటారు. వైట్ రెండో గుర్రం ఎఫ్3 వదిలి ఈ5కి వెళ్లి ఉంటే, ఆ డి2 గుర్రమే లేచి ఈ4లో మీ గుర్రాన్ని కొడుతుంది, మీరు తిరిగి కొట్టగానే బిషప్ వచ్చి రూక్‌ని తీసేస్తుంది. మీరు జి7 బంటుతో బిషప్‌ని కొట్టినా రూక్‌కి బిషప్ మారకమే, నష్టం మీదే. బిషప్ బి2కి వెళ్లేదాకానో, ఈ3 బంటు ఆ దారి మూసేదాకానో ఆగండి.

ఇంకో ప్రమాదం: కింగ్ హెచ్8లో, రూక్ హెచ్6లో, క్వీన్ ఇంకా డి8లోనే. ఈ5 గుర్రం ఎఫ్7కి దూకితే చెక్కుతో పాటు రూక్, క్వీన్ రెండిటి మీదా ఫోర్క్ (ఒకేసారి దాడి). క్వీన్‌ని ఈ7లో పెట్టడానికి ఇది రెండో కారణం.

సి8 బిషప్ డి7, ఈ8, హెచ్5. మూడు ఎత్తులు పడుతుంది, సెంటర్ మూసి ఉంది కాబట్టి అంత తీరిక ఉంటుంది. వైట్ ఈ5కి గుర్రం తెస్తే బి8 గుర్రాన్ని డి7కి తెచ్చి ఎదురు నిలపండి. అతను డి7లో కొడితే మీ బిషప్ తిరిగి కొడుతూ ఒక ఎత్తు మిగుల్చుకుంటుంది.

కోటబురుజు:
జి5 గురించి. తొయ్యబోయే ముందు వైట్ ఎఫ్3, ఈ4 ఆడగలడా అని చూడండి. ఎఫ్3తో మీ ఈ4 గుర్రాన్ని తరిమి, వెంటనే ఈ4 తోస్తే సెంటర్ తెరుచుకుంటుంది, మీ కింగ్ ముందు బంట్లు అప్పటికే లేచిపోయి ఉంటాయి. స్టోన్‌వాల్‌లో బ్లాక్ ఓడే ఆటల్లో సగం ఇలాంటివేనని నా అభిప్రాయం. బి8 గుర్రం, సి8 బిషప్ బయటికి రాకుండా జి5 వద్దు. వచ్చాక కింగ్ హెచ్8, రూక్ జి8, అప్పుడు జి5.

జి5 దగ్గరున్న బంటు ఎఫ్4 గడిని కాస్తుంది. జి4కి దాటించారా, ఆ కాపలా పోతుంది. వైట్ గుర్రం డి3లో ఉంటే జి4 తొందర వద్దు, అది నేరుగా ఎఫ్4కి దూకుతుంది. ఎఫ్3లో గుర్రం ఉండి డి3 ఖాళీగా ఉంటే మాత్రం జి4 మంచి తోపు.

2015లో బాడెన్-బాడెన్ గ్రెంకె టోర్నీలో కార్ల్సన్ నల్లపావులతో ఆనంద్ మీద గెలిచింది ఈ స్టోన్‌వాల్‌తోనే. ఆ ఆట దొరికితే బోర్డు మీద పెట్టుకుని ఆడి చూడండి.

బంటు64:
ధన్యవాదాలు. సి4 బంటుతో డి5లో కొడితే దేంతో తీసుకోవాలి? 2. బిషప్ జి5 ఆడేవాళ్లూ తగులుతున్నారు.

నల్లగడి:
ఎక్కువసార్లు ఈ6 బంటుతోనే. సి8 బిషప్‌కి దారి తెరుచుకుంటుంది, అదే ఎఫ్5నీ కాస్తుంది. సి6 బంటుతో తీసుకుంటే సి ఫైల్ (సి నిలువు వరస) తెరుచుకుని ఆట క్వీన్‌సైడ్‌కి పోతుంది, మీ దాడి చల్లబడుతుంది.

2. బిషప్ జి5కి హెచ్6 ఆడొచ్చు. 3. బిషప్ హెచ్4 జి5 4. ఈ3 దగ్గర ఆగండి. బిషప్ ఊరికే దొరికిందని జి5 బంటుతో కొడితే క్వీన్ హెచ్5, అక్కడికక్కడే మేట్. గుర్రం ఎఫ్6 ఆడండి, క్వీన్‌కి హెచ్5 మూసుకుపోతుంది, బిషప్ వెనక్కి తగ్గాల్సిందే.

కోటబురుజు:
ఆ గొడవే వద్దనుకుంటే 1. డి4 ఈ6 ఆడి, 2. సి4 వచ్చాక ఎఫ్5. కాకపోతే 2. ఈ4 వస్తే ఫ్రెంచ్ డిఫెన్స్ అనే వేరే ఓపెనింగ్ ఆడటానికి సిద్ధపడాలి.