టైట్‌హెడ్‌లో నిలబడితే లేపేస్తున్నారు, తప్పు ఎక్కడ చేస్తున్నా?

కూతగాడు, నల్గొండ
అన్నలూ, మూడు గంటల నుంచి వీడియోలు చూస్తూనే ఉన్నా, బుర్ర వేడెక్కిపోయింది. మా కాలేజీ రగ్బీ టీములో నన్ను టైట్‌హెడ్ ప్రాప్‌గా పెట్టారు. నాలుగేళ్లు కబడ్డీ ఆడినవాణ్ని, బలానికి కొదవ లేదు. అయినా "సెట్" అని (అంటే ఇక ఢీకొనమని) వినపడగానే ఎదుటివాడు నా ఛాతీ కిందకు దూరి పైకి లేపేస్తున్నాడు. పొద్దున ప్రాక్టీసులో ఆరు స్క్రమ్‌లు (రెండు జట్లు వంగి, భుజాలు ఆనించి బంతి కోసం తోసుకునేవి) పెడితే నాలుగింట్లో నా కాళ్లు నేలకు ఆనలేదు. వీడియోల్లో అందరూ కిందకు వంగు, కిందకు వంగు అంటారు, ఎంత వంగాలో ఒక్కరూ చెప్పరు. శనివారం మహబూబ్‌నగర్‌లో మ్యాచ్. టెన్షన్‌తో అన్నం కూడా సయించట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

రూల్‌బుక్కు
ఎంతమంది ఆట? బరువెంత?

పాలమూరు మూడో నంబర్
తమ్మీ, నేను హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఆరేళ్లు 3వ నంబర్ జెర్సీ వేసుకున్నవాణ్ని, నీ బాధ నాకు తెలుసు. ముందు నీ చోటు ఏంటో అర్థం చేసుకో. ముందు వరుసలో ఎడమ పక్క లూస్‌హెడ్, నడుమ బంతిని కాలితో లాగే హుకర్, కుడి పక్క నువ్వు. లూస్‌హెడ్ తలకు ఒక పక్క ఖాళీ ఉంటుంది. నీ తల మాత్రం ఎదుటి లూస్‌హెడ్‌కూ ఎదుటి హుకర్‌కూ మధ్య ఇరుక్కుంటుంది. అంటే నీ రెండు భుజాల మీదా బరువు పడుతుంది, ఇద్దరు కలిసి నిన్ను తోస్తుంటారు. అందుకే టీములో అందరికన్నా గట్టి మనిషిని ఇక్కడ పెడతారు.

నిన్ను లేపుతున్నారంటే నాకు ముందు అనుమానం వచ్చేది నీ కుడి మోచేతి మీద. "బైండ్" (పట్టుకోండి) అన్నప్పుడు నీ కుడి చెయ్యి ఎదుటివాడి ఎడమ చేతికి బయటి నుంచి వెళ్లి, వాడి జెర్సీని వీపు మీదో పక్కనో పట్టుకోవాలి. చొక్కా చెయ్యి, కాలరు, ఛాతీ పట్టుకుంటే పెనాల్టీ. పట్టుకున్నాక మోచెయ్యి పైకే ఉండాలి. అది కిందకు జారిందా, నీ భుజం జారుతుంది, ఛాతీ తెరుచుకుంటుంది, వాడికి దారి ఇచ్చినట్టే. ఎడమ చేత్తో మీ హుకర్‌ను ఎంత దగ్గరకు లాక్కుంటే అంత మంచిది. మీ ఇద్దరి మధ్య సందు కనపడితే ఎదుటి లూస్‌హెడ్ తల అక్కడే పెడతాడు. ఇక నీ వెనక రెండో వరుసలో ఉన్న లాక్ తన భుజాన్ని నీ పిరుదు కింద సరిగ్గా పెడుతున్నాడా లేదా చూసుకో. సగం బలం అక్కడి నుంచే వస్తుంది.

ఈ స్థానం విలువ తెలియాలంటే 2019 ప్రపంచకప్ ఫైనల్ చూడు. ఇంగ్లండ్ టైట్‌హెడ్ కైల్ సింక్లర్ మూడో నిమిషంలోనే తలకు దెబ్బ తగిలి వెళ్లిపోయాడు. దాదాపు మ్యాచ్ అంతా డాన్ కోల్ ఒక్కడే మోయాల్సి వచ్చింది. ఎదురుగా దక్షిణాఫ్రికా లూస్‌హెడ్ మ్టవరీరా. స్క్రమ్ స్క్రమ్‌కూ పెనాల్టీలు పోగయ్యాయి, చివరికి 32-12. ఒక్క మూల కదిలితే ఇల్లంతా కదిలింది. నేను ఆ మ్యాచ్ ఇప్పటికి పదిసార్లు చూశాను.

బస్తా లెక్క, మిర్యాలగూడ
రగ్బీ సంగతి నాకు అంత తెలియదు, నడుము సంగతి తెలుసు. రైస్ మిల్లులో హమాలీ పని చేశాను. ఎంత వంగాలి అని అడిగావు కదా. బస్తా వీపు మీదకు వచ్చేటప్పుడు కొత్తగా వచ్చిన పిల్లగాళ్లు నడుమును విల్లులా వంచుతారు. నాలుగు రోజులకు మంచం ఎక్కుతారు. పాత మనిషి తుంటి దగ్గర మడుస్తాడు, మోకాలు మడుస్తాడు, వీపును మాత్రం బల్లలాగే ఉంచుతాడు. గడ్డం ఛాతీకి ఆనించడు, రెండు గజాల ముందు నేలను చూస్తాడు. మీ పోటీ వీడియో ఒకటి చూశాను, అందులో పెద్ద ఆటగాళ్ల వీపు కూడా అచ్చం అట్లాగే ఉంది. నీ వీపు మీద నీళ్ల గ్లాసు పెడితే ఒలకకూడదు. ఎవరితోనైనా పక్క నుంచి ఫోటో తీయించుకుని చూసుకో.

పాలమూరు మూడో నంబర్
బస్తా లెక్క అన్న చెప్పింది లక్ష రూపాయల మాట. ఒక్కటి కలుపుతా, భుజాలు తుంటికన్నా కిందకు పోకూడదు. పోతే స్క్రమ్ కూలుతుంది, మెడల మీదకు వస్తుంది, పెనాల్టీ కూడా.

తెలుగు మాట
అందరూ లూస్‌హెడ్, టైట్‌హెడ్ అని రాస్తుంటే కొత్త పిల్లలకు ఏది ఎడమో ఏది కుడో గుర్తుండదు. మన ఊళ్లలో మాట ఉంది కదా! కాడి కట్టినప్పుడు ఎడమది దాపటెద్దు, కుడిది వలపటెద్దు. లూస్‌హెడ్‌ను దాపటి, టైట్‌హెడ్‌ను వలపటి అంటే మా తాతకు కూడా ఒక్క ముక్కలో అర్థమవుతుంది. ఆట పల్లెలకు చేరాలంటే మాట ముందు చేరాలి.

రూల్‌బుక్కు
టైట్‌హెడ్ అనే పేరు తల ఇరుక్కోవడం వల్ల వచ్చింది, కుడి పక్క ఉండటం వల్ల కాదు. వలపటి అంటే ఆ అర్థం పోతుంది.

తెలుగు మాట
అర్థం వివరిస్తే తెలుస్తుంది, పక్క ముందు తెలియాలి. గ్రౌండ్‌లో పిల్లవాడు "వలపట నిలబడు" అంటే వెంటనే నిలబడతాడు.

బస్తా లెక్క, మిర్యాలగూడ
కాడి కింద ఎద్దులు ఒకే దిక్కు నడుస్తాయి అన్నా. ఇక్కడ ఎదురెదురు. మన వలపటికి వాళ్ల దాపటి ఎదురవుతుంది. పిల్లలు ఇంకా తికమక పడతారేమో.

రూల్‌బుక్కు
కూతగాడు, ఎంతమంది ఆట అని అడిగాను. జవాబు లేదు.

కూతగాడు, నల్గొండ
సారీ అన్నా, ఇప్పుడే చూశా. ఏడుగురిదే. స్క్రమ్‌లో మేం ముగ్గురం, వాళ్లు ముగ్గురు. ఇక్కడ అందరూ ఇదే ఆడతారు కదా అని రాయలేదు. బరువు 74. ఎదుటివాడు 90 పైనే. నా వెనక లాక్ ఎవరూ ఉండరు.

పాలమూరు మూడో నంబర్
అయ్యో తమ్మీ, ఈ మాట ముందే రాయాల్సింది! లాక్ గురించి నేను చెప్పింది మర్చిపో. నువ్వు చూసిన వీడియోలు కూడా పదిహేనుమంది ఆటలోని ఎనిమిదిమంది స్క్రమ్‌వే అయి ఉంటాయి. వాళ్లు వెనక నుంచి వచ్చే తోపును మోయడానికి కాళ్లు బాగా వెనక్కి చాపి నిలబడతారు. నీకు వెనక ఎవరూ లేరు, అట్లా చాపితే ఎదుటివాడు కొంచెం పైకి ఎత్తగానే నీకు పట్టు ఉండదు. కాళ్లు భుజాలంత వెడల్పు, మోకాళ్లు మడిచి, పాదాలు తుంటికి కాస్త వెనకగా పెట్టు.

ఇంకో సంగతి. సెవెన్స్‌లో, అంటే మీ ఏడుగురి ఆటలో, స్క్రమ్ ఎక్కువసేపు ఉండదు. మీ బంతి అయితే మీ లూస్‌హెడ్ పక్క నుంచే లోపలికి వస్తుంది, హుకర్ కాలితో వెనక్కి లాగుతాడు, స్క్రమ్ వెనక కాచుకుని ఉండే స్క్రమ్‌హాఫ్ తీసుకుని పోతాడు. 90 కిలోల వాణ్ని నువ్వు నెట్టక్కర్లేదు. ఆ రెండు మూడు సెకన్లు లేవకుండా, తిరగకుండా ఉంటే నీ పని అయిపోయినట్టే. "సెట్"కు ముందే, "బైండ్" దగ్గరే ఎత్తు కుదుర్చుకో. వాడు 90 అయినా, నీ భుజం వాడి భుజంకన్నా వేలెడు కింద ఉంటే చాలు. కోపం వచ్చి హుకర్ వైపు అడ్డంగా దూరకు, అది పెనాల్టీ.

శుక్రవారం లోపు మీవాడితో ఇద్దరే ప్రాక్టీసు చేయండి. ముందు మోకాళ్ల మీద కూర్చుని బైండ్, తర్వాత వంగి నిలబడి, చివరికే తోపు.

స్క్రమ్ అయ్యాక పరుగెత్తాల్సింది కూడా నువ్వే. అక్కడ కబడ్డీ కాళ్లు నీకు వరం. కానీ పట్టేటప్పుడు చేతులు చుట్టాలి, భుజాల లైను పైన పట్టకూడదు, తల వాడి శరీరానికి పక్కన ఉండాలి, ముందు కాదు.

ఫిజియో అక్క
అందరూ భంగిమ గురించే చెప్తున్నారు. తమ్ముడూ, లేపినప్పుడు మెడలో కానీ చేతిలో కానీ ఏమైనా అనిపించిందా?

కూతగాడు, నల్గొండ
మూడోసారి లేపినప్పుడు కుడి భుజం నుంచి వేళ్ల దాకా కరెంటు షాక్ లాగా జుమ్మంది అక్కా. పది నిమిషాలు తిమ్మిరి ఉంది, తర్వాత పోయింది. ఆడేవాళ్లకు మామూలే కదా అనుకున్నా.

ఫిజియో అక్క
మామూలు కాదు. మెడ దగ్గర నరం సాగినా, నొక్కుకుపోయినా అట్లా అవుతుంది. చాలాసార్లు తగ్గిపోతుంది, కానీ తగ్గింది కదా అని మళ్లీ స్క్రమ్‌లోకి వెళ్తే రెండో దెబ్బ గట్టిగా తగలొచ్చు. ఎముకల డాక్టరుకు చూపించి, మెడ అన్ని పక్కలకూ నొప్పి లేకుండా తిరుగుతోందని, రెండు చేతుల్లో బలం సమానంగా ఉందని ఆయన చెప్పేదాకా స్క్రమ్ వద్దు. ప్రాక్టీసు కూడా వద్దు. తిమ్మిరి మళ్లీ వచ్చినా, రెండు చేతులకూ వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లు. డాక్టరు సరే అన్నాక మెడకు చిన్న కసరత్తు చెప్తా. అరచేయి నుదుటికి ఆనించి, తల కదలకుండా పది సెకన్లు నెట్టాలి, తర్వాత రెండు పక్కలా, వెనకా. ఇప్పుడు మాత్రం చేయకు.

రూల్‌బుక్కు
అక్క చెప్పినట్టు చెయ్యి. ఇంకొకటి, 19 ఏళ్ల లోపు మ్యాచ్ అయితే స్క్రమ్‌ను 1.5 మీటర్లకు మించి నెట్టకూడదు. వాళ్లు అంతకన్నా నెడుతుంటే మీ కెప్టెన్‌తో రిఫరీకి చెప్పించు.

తెలుగు మాట
దాపటి, వలపటి వద్దంటే కనీసం ప్రాప్‌కైనా ఊతం అనొచ్చు కదా. రెండు ఊతాల మధ్య హుకర్. ఆలోచించండి.

కూతగాడు, నల్గొండ
రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నా. కోచ్ సార్‌కు కూడా చెప్పా, శనివారం వేరేవాణ్ని పెడతామన్నారు. పాదాల సంగతి అర్థమైంది. అందరికీ థాంక్స్ అన్నా, అక్కా.

దేవరకొండ 2
అన్నా, మాదీ ఏడుగురి ఆటే. నేను హుకర్‌ను, బంతి లాగేటప్పుడు ఒంటి కాలి మీద నిలవలేకపోతున్నా. కొత్త పోస్టు పెట్టాలా, ఇక్కడే అడగొచ్చా?