నాన్న కేసెట్‌లో ఈ స్పానిష్ గొంతు ఎవరిది?

పెదవాల్తేరు అమ్మాయి:
అందరికీ నమస్కారం. మా నాన్న ముప్పై ఏళ్లు షిప్పుల్లో చేశారు. నిరుడు పోయారు. మొన్న ఆయన ట్రంకుపెట్టె తెరిస్తే లుంగీల అడుగున ఒక కేసెట్ దొరికింది. అట్ట లేదు. మీద 'రొమాన్స్' అన్న మాటొక్కటే కనిపిస్తోంది. వేసి చూస్తే స్పానిష్‌లో మగగొంతు, వెనక వయొలిన్లు. ఆదివారం చేపల పులుసు తిన్నాక నాన్న పెట్టుకునేది ఇదేనని అప్పుడు గుర్తొచ్చింది. నాలుగో పాటలో ప్లేయర్ టేపు నమిలేసింది. ఎవరాయన? కేసెట్ బాగవుతుందా? హుద్‌హుద్‌కి ఆ గది తడిసింది, టేపు అంచంతా తెల్లబూజు.

ఎంవీపీ కుర్రాడు:
ఎన్రిక్ ఇగ్లేసియస్ అయ్యుంటాడండి. స్పానిష్ ప్రేమపాటలంటే ఆయనే కదా.

ఇంజన్‌రూం బాబాయ్:
కాదు నాయనా, ఎన్రిక్ మొదటి ఆల్బమే 1995లో వచ్చింది. అమ్మా, అది మెక్సికో గాయకుడు లూయిస్ మిగేల్. 'రొమాన్స్' 1991 నవంబరులో వచ్చిన ఆల్బమ్, పన్నెండు పాటలు. మరుసటి ఏడు మెక్సికోలోని వెరాక్రూజ్ రేవులో నేనూ కొన్నాను.

అప్పటికి అతనికి ఇరవయ్యొక్కేళ్లు. 1982 నుంచే, మీసం రాని వయసు నుంచే, పాటగాడు. హుషారు పాటలతో పేరొచ్చింది. అలాంటివాడు ఉన్నట్టుండి బొలేరోలు అందుకున్నాడు. అవి క్యూబాలో పుట్టి మెక్సికోలో ఇంటింటికీ పాకిన పాత ప్రేమపాటలు. అందులో 'ఇనోల్విదాబ్లె' 1944 నాటిది. మన లెక్కలో చెప్పాలంటే, డిస్కో పాటల కుర్రాడొకడు అవన్నీ మానేసి ఘంటసాల పాటలు ఎత్తుకున్నట్టు. దెబ్బతింటాడనే ఎవరైనా అనుకుంటారు. కానీ పక్కన అర్మాందో మన్సనేరో ఉన్నారు. స్వయంగా బొలేరోలు కట్టిన పెద్దాయన, ఆల్బమ్ నిర్మాణంలో పాలు పంచుకున్నారు. వాద్యాలు అమర్చింది అర్జెంటీనా ఆయన బేబూ సిల్వెత్తి. ఆ వయొలిన్లు గొంతు మీద పడవు చూడండి, కాస్త వెనకే నడుస్తాయి.

మా షిప్పులో ఇంజన్లకి నూనె పెట్టే హోండురాస్ ఆయిలర్ ఒకడుండేవాడు. కేసెట్ వేస్తే గ్రీజు చేతులతోనే వచ్చి తలుపు దగ్గర నిలబడేవాడు. "ఇవి మా అమ్మ పాటలు, వీడెవడో మా తమ్ముడి వయసువాడు పాడుతున్నాడు" అనేవాడు. ఆ ఆల్బమ్ లక్షల్లో ఎందుకు అమ్ముడైందో నాకు అక్కడే అర్థమైంది. తర్వాత ఇదే బాణీలో 1994, 1997, 2001లో ఇంకో మూడు తీశాడు. రెండోది బాగుంటుంది. మిగతావి నాకు చల్లారిన టీ.

మీది నమిలిన నాలుగో పాట 'లా బార్కా', అంటే పడవ. రాసింది రొబెర్తో కాంతొరాల్. విడిపోయి వెళ్లేవాళ్ల పాట. షిప్పువాళ్లకి వేరే చెప్పాలా? మీ నాన్నగారు వెనక్కి తిప్పి తిప్పి అక్కడే అరగదీసుంటారు.

ఇక రిపేరు సంగతి. బూజుతో మళ్లీ తిప్పొద్దు, ప్లేయర్ హెడ్డు పాడవుతుంది. మన సముద్రపు గాలికి ఇనప గేట్లే ఆగవు, టేపెంత? మూతికి గుడ్డ కట్టుకుని స్క్రూలు విప్పండి. మెత్తటి పొడిగుడ్డతో బూజు తుడవండి. రెండు చక్రాలూ టేపుతో సహా ఇంకో మంచి కేసెట్ ప్లాస్టిక్ డొక్కులోకి మార్చండి. పెన్సిల్‌తో ఆ చివర్నుంచి ఈ చివరికి ఒకసారి చుట్టాకే వేయండి. మొదటిసారి తిరిగేటప్పుడే లాప్‌టాప్‌లోకి ఎక్కించేసుకోండి.

ఎంవీపీ కుర్రాడు:
ఫోన్‌లో వెతికితే ఆల్బమంతా ఉంది కదా, ఈ తంటా ఎందుకండీ?

ఇంజన్‌రూం బాబాయ్:
ఆ అమ్మాయి అడిగింది కేసెట్ గురించి బాబూ.

పెదవాల్తేరు అమ్మాయి:
అంకుల్, పనైంది! సుప్రభాతం కేసెట్ డొక్కులోకి మార్చాను (అమ్మకి ముందే చెప్పాను). నాలుగో పాటలో ఓ చోట కీచుమని ఊగుతోంది, మిగతాదంతా శుభ్రంగా ఉంది. మీరన్నట్టు నాన్న అక్కడే వెనక్కి తిప్పేవారా అని అమ్మనడిగాను. "తిప్పడమా? ఆ పాట వచ్చేసరికి గుర్రు పెట్టేవారు. రోజూ అక్కడే నేను టకీమని ఆపేదాన్ని" అంది.