ట్యూబాకు మెత్తటి బ్యాగు: రెడీమేడ్ తీస్కోవాల్నా, ఇక్కడ్నే కుట్టించాల్నా?

కాజీపేట_బేస్:
అందరికి నమస్తే. మా చర్చి బ్యాండుల నేను ట్యూబా (పెద్ద ఇత్తడి బాజా) వాయిస్త. బీబీ ఫ్లాట్ శ్రుతి, మూడు పిస్టన్లు, వాల్వులు (ఏళ్ళతోని ఒత్తేటియి) పైకి ఉంటయి, మీరట్ జాలీ కోఠి సరుకు. ఇన్నొద్దులు చర్చి గదిల్నే పెట్టి తాళమేసేటోళ్ళం, ఇప్పుడు పాస్టరు గారు ఇంటికి తీస్కపొయ్యి ప్రాక్టీసు చేస్కో అన్నరు, క్రిస్మస్ దాకా డోర్నకల్ దిక్కు ప్రోగ్రాములు కూడ ఉన్నయి, అన్నిటికి రైలే. దాంతోని వచ్చిన చెక్క పెట్టె ఉన్నది గని ఖాళీ పెట్టెనే ఇద్దరు మోయాలె, ఆటోల పెడితే ఇగ మనుషులు కూసునే జాగ ఉండది. అందుకే వీపుకు తగిలించుకునే మెత్తటి బ్యాగు చూస్తున్న. ఆన్‌లైన్ల 3/4, 4/4 అని సైజులు రాసున్నయి, మాదాని మీద అసొంటిదేం లేదు. ఫోమ్ ఒకళ్ళు 10 ఎంఎం అంటరు, ఇంకొకళ్ళు 30 అంటరు. ఏం చూసి తీస్కోవాలె? ఇక్కడ కుట్టించినోళ్ళు ఎవరన్న ఉన్నరా?

పరకాల_బరాత్:
తమ్మీ, ముందుగాల ఇది చెప్పు, ఆ బ్యాగు ఎప్పటికీ నీ వీపు మీదనే ఉంటదా, లేకపోతే అందరి సామాన్లతోని డీసీఎంల (చిన్న లారీల) పడ్తదా? వీపు మీద అయితే మెత్తటిది మంచిదే. డీసీఎంల అయితే మాత్రం ఎంత ఖరీదు బ్యాగు తెచ్చినా దండగే, ఎందుకంటే బరాత్ అయిపొయ్యి అర్ధరాత్రి సామాను ఎత్తేటోళ్ళు ఇది బాజానా బస్తానా చూడరు, దాని మీద పెద్ద డ్రమ్ము పెడ్తరు, ఆ డ్రమ్ము మీద ఒకడు ఎక్కి కూసుంటడు. మా సూసాఫోన్‌కు (ఒంటి చుట్టు వేస్కొని వాయించే ట్యూబా) మేం మెత్తటి బ్యాగు వాడనే వాడం. ఇత్తడిది, బరువు తక్కువేం కాదు, బెల్ (వెడల్పు మూతి) స్క్రూలు విప్పితే ఊడొస్తది, బెల్‌కు ఒక రెక్సిన్ కవరు, కింది చుట్టు మాత్రం మనిషి భుజానికేస్కొనే బండెక్కుతడు. ఒళ్ళె పట్టుకొని కూసుంటడు పరకాల దాక.

రైల్ల పోతా అంటున్నవు కాబట్టి చెప్తున్న, పై ర్యాక్ మీద పెట్టకు. అది పట్టది, పట్టినా ఎవడో ఒకడు దాన్ని పక్కకు జరిపి వాని సూట్‌కేసు దూర్చుతడు. సీటు పక్కన గోడకానించి, బెల్ కిందికి చేసి నిలబెట్టుకో.

మూడోవాల్వు:
నేను స్కూలు పిల్లల బ్యాండు చూస్కుంట, హన్మకొండల. పైన అన్న చెప్పిందాంతోని ఒప్పుకుంట, గని మీ కేసుల అన్ని సార్లు మీరే మోస్తరు కాబట్టి మెత్తటి బ్యాగే కరెక్టు.

3/4, 4/4 అన్నది చెప్పుల సైజు లెక్క ఫిక్స్ కొలత అనుకోకండి. ఏ కంపెనీకి ఆ కంపెనీ లెక్క, ఒకల్ల 4/4 ఇంకొకల్ల 4/4 కంటె జానెడు పొడుగు ఉండొచ్చు. అందుల మీది మీరట్‌ది, అక్కడ చేతితోని చేసేది ఎక్కువ కాబట్టి ఒకే మోడల్ రెండు పీసులు పక్కపక్కన పెట్టినా గొట్టాల వంపుల తేడా కనబడ్తది. యమహాకు కుట్టిన బ్యాగుల ఇది కూసుంటదన్న గ్యారంటీ ఏం లేదు. టేపు తీస్కొని కింది వంపు నుంచి బెల్ అంచు దాక పొడుగు, బెల్ అడ్డం, కింది వెడల్పు కొలవండి, వీటన్నిటికంటె ముఖ్యంగ వాల్వుల కాడ మందం కొలవండి. అందరు మర్చిపొయ్యేది ఈ మందమే, బ్యాగు అంత బాగనే పట్టినట్టు ఉంటది, జిప్పు మాత్రం వాల్వుల కాడికొచ్చి ఆగిపోతది, ఇగ మనం గుంజుతం, అది తెగ్తది.

ఫోమ్ మందం ఒక్కటే చూస్తే లాభం లేదు. సోఫాల పెట్టే మెత్తటి ఫోమ్ 30 ఎంఎం ఉన్నా ఏలుతోని ఒత్తితే కాగితమంత అయితది, దెబ్బ సీదా ఇత్తడికే పోతది. పైకెల్లి నీళ్ళు కూడ గుంజుకుంటది. యోగా చాప లెక్క గట్టిగ ఉండే ఈవీఏ ఫోమ్ 15, 20 ఎంఎం ఉన్నా దానికంటె నయం, నీళ్ళు పీల్చది. బెల్ అంచుకు, కింది వంపుకు మాత్రం డబల్ ఉండాలె, ఎందుకంటే దించినప్పుడల్లా నేలకు తగిలేది ఆ రెండే. ఇగ వాల్వులు. బెల్ వంగితే రిపేరు చేసేటాయన మళ్ళ సాపు చేస్తడు, వాల్వు గొట్టం ఎంట్రుకంత నొక్కుకున్నా పిస్టన్ పట్టేస్తది, అది సరిచేసుడు మామూలు పని కాదు. అందుకే ఆ జాగల అడ్డంగ ఒక ప్లాస్టిక్ షీటు ఉన్న బ్యాగు దొరికితే వదలొద్దు.

ఆటోటాపు:
కుట్టించినోళ్ళు ఉన్నరా అని అడిగినవ్ కదా అన్నా, మా యూఫోనియంకు (ట్యూబా లెక్కనే ఉండే చిన్న బాజా) కుట్టించినం, మంచిగనే ఉన్నది. స్కూల్ బ్యాగులు కుట్టేటోళ్ళ దగ్గరికి పోకు, వాళ్ళ మిషిన్ల కింద ఫోమ్, గుడ్డ, లైనింగు మూడు పొరలు కలిపి పోవు, సూది ఇరుగుతది. ఆటో టాపులు, బండి సీట్లు కుట్టేటోళ్ళు ఉంటరు చూడు, ఆటోనగర్ల అడిగితే ఎవరైనా చూపెడ్తరు, వాళ్ళ దగ్గర పెద్ద మిషిన్లు, నైలాన్ దారం, వెడల్పు పట్టీలు అన్ని ఉంటయి. ట్యూబా వెంటనే తీస్కపో, కొలతలు కాగితం మీద రాస్కపోతే వాళ్ళకు ఈ ఆకారం అర్థం కాదు. అట్టపెట్టె చింపి నేల మీద పరిచి, ట్యూబాను పండవెట్టి చుట్టూ చాక్‌పీసుతోని గీసి ఆ అట్టనే కటింగ్ చేయమను. రెండు దిక్కుల ఫోమ్ మందం కలిపి ఆపైన ఇంచు లూజు చాలు, ఎక్కువ లూజు పెడితే లోపల ఊగుతది.

చెప్పి చేయించుకోవల్సినయి ఇంకొన్ని ఉన్నయ్. పట్టీలు బ్యాగు పైన కుట్టి ఒదిలేస్తరు, ఒప్పుకోకు, పది కిలోల బరువుకు ఆ కుట్టు ఊడొస్తది. పట్టీ బ్యాగు అడుగు నుంచి చుట్టూ తిరిగి రావాలె, బరువంత పట్టీ మోయాలె గని గుడ్డ మోయొద్దు. అతుకుల కాడ డబ్బా గీసి లోపల గుణకారం గుర్తు లెక్క కుట్టమను. జిప్పు 10 నంబరు, నైలాన్ పండ్లది, ఇనుప పండ్లది వద్దు, తీసి పెట్టేటప్పుడు పాలిష్ మీద గీతలు పడ్తయి. జిప్పు బెల్ నుంచి అడుగు దాకా పక్కపొంటి మొత్తం తెరుసుకోవాలె. పైనుంచి దింపే సంచి లెక్క కుట్టిస్తే ప్రతిసారి బెల్ పట్టుకొని గుంజాలె. పైన రెక్సిన్ వేస్తమంటరు, చూడ్డానికి నిగనిగలాడ్తది గని మన ఎండలకు పగుల్తది, లోపలికెల్లి కోటింగు ఉన్న బ్యాగుల గుడ్డ అడుగు.

కొత్తవాడ_పోరడు:
లోపల ఫోమ్ బదులు మా కొత్తవాడ జంపఖాన మడత పెట్టి కుట్టిస్తే ఎట్లుంటది? మందం ఉంటది, గట్టిగ ఉంటది, 2018ల జీఐ ట్యాగ్ కూడ వచ్చింది, ట్యూబా ఓరుగల్లు దుస్తుల తిరిగినట్టుంటది 😄

మూడోవాల్వు:
కొత్తవాడ తమ్ముడూ, ఇంట్ల ట్యూబా కింద పరుసుకోనీకి దానంత మంచిది లేదు. బ్యాగు లోపలికి వద్దు. నూలు తేమను పట్టుకుంటది. వాయించినంక గొట్టాలల్ల ఊపిరి నీళ్ళు ఎంత ఉంటయో ఈయనకు తెల్సు, నీళ్ళ కీ ఒత్తి ఊది పారబోసినా కొంచెం మిగుల్తది, అది నూలుకెక్కితే వానకాలంల వారం దాక ఆరది, వాసన, బూజు. లోపలికి పల్చటి వెల్వెట్ చాలు. ఇంటికొచ్చినంక జిప్పు తెరిచి గాలికి పెట్టాలె, ఏ బ్యాగు అయినా సరే. వెండి పూత వాయిద్యాలు ఉన్నోళ్ళు లోపల రబ్బరు ముక్కలు లేకుంట చూస్కోండి, తగిలిన కాడ నల్లబడ్తది.

కాజీపేట_బేస్:
అందరికి మస్తు థ్యాంక్స్. రేపు టేపు పట్టుకొని కూసుంట. కుట్టించుడే నయం అనిపిస్తున్నది, ఆటోటాపు తమ్ముడు చెప్పినట్టు ట్యూబాను ఆటోనగర్ దాక ఆటోల ఒళ్ళె పెట్టుకొని పోత. రెండు డౌట్లు. వాల్వులు వీపు దిక్కు రావాల్నా బయటి దిక్కు రావాల్నా? మౌత్‌పీసు దానికే ఉంచి జిప్పు పెట్టేటట్టు కుట్టించొచ్చా?

పరకాల_బరాత్:
వాల్వులు వీపు దిక్కు. ప్లాట్‌ఫారం మీద జనం తోస్తరు, వెనుకకెల్లి దెబ్బ వస్తది, నీకు ముందే కనబడది. కొంచెం వీపుకు గుచ్చుతది, అక్కడ ఇంకో పొర ఫోమ్ వేయించు.

మౌత్‌పీసు మాత్రం తీసెయ్యాలె. దాన్ని అట్లనే ఉంచి బ్యాగుల పెడితే ఎక్కడ తగిలినా అది మీట లెక్క పనిచేస్తది, గొట్టం అతుకు ఊడ్తది, లేకపోతే లోపలికి దిగి పట్టేస్తది. పట్టేసినంక పట్కర పెట్టి గుంజేటోళ్ళను మస్తు చూసిన, మౌత్‌పీసు పోతది, గొట్టం మెలిపడ్తది. దానికి పుల్లర్ అని వేరే ఉంటది. బయట చిన్న జేబు కుట్టించు, అందుల మౌత్‌పీసు, వాల్వు నూనె, గుడ్డ ముక్క. జేబు మాత్రం బెల్ పక్కన కుట్టియ్యి, వాల్వుల మీద వద్దు.

ఆటోటాపు:
అన్నా కుట్టుడైనంక అక్కడ్నే వీపుకేస్కొని దర్వాజాలకెల్లి ఒకపారి నడిచి చూడు. తల మీదికెల్లి బెల్ ఎంత ఎత్తు వస్తదో తెలుస్తది, ఎక్కువొస్తే పట్టీలు కిందికి జరిపి మళ్ళ కుట్టియ్యమను, అదే రోజైతే పైసలు అడగరు.