చర్చ: మరమగ్గం మీద నేసినదాన్ని నలుగురూ వెంకటగిరి అంటే అది వెంకటగిరి చీర అవుతుందా?

కావలి మాస్టారు

బంధువుల ఇంట జరిగిన ఒక నిశ్చితార్థానికి ఒక అమ్మాయి సన్నని జరీ అంచు, చిన్న చిన్న బుటాలు ఉన్న మీగడ రంగు చీర కట్టుకుని వచ్చింది. చూసినవారంతా వెంకటగిరి అన్నారు, ఆమె అభిరుచిని మెచ్చుకున్నారు. కాసేపటికి ఒక పెద్దావిడ కొంగు తిప్పి చూసి, ఇది మరమగ్గం సరుకని తేల్చారు. అప్పటి నుంచి ఆ అమ్మాయితో మాట్లాడే తీరే మారిపోయింది. చీర అదే, కట్టుకున్న మనిషీ అదే.

నా వాదన సూటిగా చెబుతాను. జెనీవాకు చెందిన భాషావేత్త సొస్యూర్ పాఠాలను ఆయన మరణానంతరం 1916లో పుస్తకంగా తెచ్చారు. గుర్తుకూ దాని అర్థానికీ నడుమ సహజమైన బంధం ఏదీ లేదనీ, ఉన్నదంతా సమాజం కుదుర్చుకున్న కట్టుబాటేననీ, ఒక గుర్తుకు విలువ పక్కనున్న గుర్తులతో గల తేడా వల్లనే వస్తుందనీ ఆయన బోధించారు. ఆ లెక్కన చూస్తే వెంకటగిరి అంచు తన అర్థాన్ని మగ్గంలో సంపాదించుకోలేదు. అది కంచి అంచు కాదు, మంగళగిరి అంచు కాదు, ఉప్పాడ కాదు అని చూసేవారు గుర్తుపట్టడంలో సంపాదించుకున్నది. కొంగు తిప్పేంతవరకు ఆ చీర వెంకటగిరి చీర చేయవలసిన పనంతా చేసింది. అందువల్ల అర్థం దృష్ట్యా అది వెంకటగిరే. కాదనేవారు కారణం చెప్పాలి.

మగ్గం గుంట

కారణం చెబుతాను మాస్టారూ. మాది వెంకటగిరిలో తరతరాలుగా నేత పని చేస్తున్న కుటుంబం. దొంగనోటు కూడా బ్యాంకుకు చేరేంతవరకు అసలు నోటు చేసే పనంతా చేస్తుంది. అంతమాత్రాన దాన్ని ఎవరూ నోటు అనరు. చూపరులు పొరబడినంత మాత్రాన సరుకు పుట్టుక మారదు.

చట్టం కూడా ఈ మాటే చెబుతోంది. ఒక ప్రాంతం పేరుతో ప్రసిద్ధమైన సరుకు పేరును ఆ ప్రాంతపు సరుకుకే పరిమితం చేసే భౌగోళిక గుర్తింపు చట్టాన్ని 1999లో చేసి 2003లో అమలులోకి తెచ్చారు. దాని కింద వెంకటగిరి చీరకు గుర్తింపు ఉన్నది. అంతకు ముందే 1985లో కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే ప్రత్యేకించిన చట్టం వచ్చింది. మొదట 22 రకాలు ఉన్న ఆ జాబితాను తరువాత 11కు కుదించారు, అయినా చీర అందులో నిలిచింది. కట్టుబాటు అన్నారు కదా, పార్లమెంటు చేసిన కట్టుబాటు ఇది. దీన్ని వదిలి నిశ్చితార్థంలో నలుగురు అనుకున్న కట్టుబాటును మీరు ఎందుకు పట్టుకున్నారు?

కొండాయపాళెం

మన నెల్లూరు జిల్లాలో ఉండిన వెంకటగిరిని 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో కలిపారు. ముందు అది గుర్తుంచుకుని తరువాత వాదించుకోండి.

మగ్గం గుంట

జిల్లా మారితే పోగు మారదు. విషయం మీద మాట్లాడండి.

కావలి మాస్టారు

దొంగనోటు పోలిక ఇక్కడ నిలవదు. నోటు వెనుక రిజర్వు బ్యాంకు హామీ ఉన్నది. ఆ చీర వెనుక అటువంటి హామీ ఎవరూ ఇవ్వలేదు, ఆ అమ్మాయి కూడా ఇవ్వలేదు. ఇది వెంకటగిరి అని ఆమె ఎవరితోనూ చెప్పలేదు, చూసినవారే అన్నారు. మాట పలకని మనిషిని అబద్ధం ఆడావని ఎలా అనగలం?

మీ వాదనకు కొంత బలం నేనే అందిస్తాను. అమెరికా తత్వవేత్త చార్లెస్ పర్స్ గుర్తులను మూడు విధాలుగా చూశారు. గీసిన బొమ్మ వంటివి పోలిక వల్ల పనిచేస్తాయి, నిప్పుకు పొగ వంటివి కారణ సంబంధం వల్ల ఆనవాళ్ళవుతాయి, కూడలిలోని ఎర్రదీపం వంటివి కేవలం కట్టుబాటు వల్ల పనిచేస్తాయి. మన చీరలో ఈ మూడూ ఉన్నాయి. మరమగ్గం చీర అసలును పోలి ఉంటుంది. వెనకవైపు పోగుల తీరు నేత విధానానికి ఆనవాలు. చేనేత సరుకని తెలిపేందుకు 2006లో వచ్చిన ప్రభుత్వ ముద్ర, చేనేత మార్కు, కట్టుబాటు. అయితే శుభకార్యాలలో కళ్ళు చదివేది మొదటిదాన్నే. మిగిలిన రెండూ అంగట్లో చూసుకోవలసినవి.

స్వర్ణాల గట్టు

నెల్లూరులో కూర్చుని ఈ ప్రశ్న అడగడమే వింత. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగలో విద్య రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె అంటూ చెరువులో దిగి చేతులు మార్చుకుంటారు. పక్కపక్కన పెడితే ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. పేరు పెట్టి ఇచ్చారు, పేరు అడిగి పుచ్చుకున్నారు, అర్థం వచ్చింది. మాస్టారు చెప్పేది ఇదే కదా?

మగ్గం గుంట

కాదండీ. మీరు సగమే చెప్పారు. ఉద్యోగం రొట్టెను ఇచ్చేవారు ఎవరు? ఒక ఏడు ఆ రొట్టె పుచ్చుకుని, కోరిక తీరిన మీదట మరో ఏడు తిరిగి వచ్చి ఇచ్చేవారు. రొట్టె ముఖం చూసి ఎవరూ పుచ్చుకోరు, ఇచ్చేవారికి జరిగినదాన్ని నమ్మి పుచ్చుకుంటారు. ఏమీ తీరనివాడు వచ్చి ఇది ఉద్యోగం రొట్టె అని చేతిలో పెడితే, సంగతి తెలిసినవారు తీసుకుంటారా? పోలికకు విలువ లేదు, వెనకనున్న చరిత్రకే విలువ అని చెప్పడానికి దీనికంటే మంచి ఉదాహరణ నాకు దొరకదు. మీరు మాస్టారి పక్షాన తెచ్చారు, అది నా పక్షాన నిలిచింది.

కావలి మాస్టారు

నిలవలేదు. పుచ్చుకునేవారికి ఇచ్చేవారి చరిత్రను తనిఖీ చేసే మార్గం లేదు. నీళ్ళలో ముఖపరిచయం లేని మనిషి చెప్పిన మాటే ఆధారం. అంటే అక్కడ పనిచేస్తున్నది చరిత్ర కాదు, చరిత్ర ఉన్నదన్న నమ్మకం. నమ్మకం కూడా కట్టుబాటులో భాగమే.

మగ్గం గుంట

రొట్టెను ఎవరూ అమ్మరు. చీరను అమ్ముతారు. తనిఖీ అవసరం అక్కడే వస్తుంది.

స్వర్ణాల గట్టు

పండుగను మీ వాదంలోకి లాగడానికి నేను ఆ మాట రాయలేదు. ఇక నేను చదువుతాను, రాయను.

ఒంగోలు టీచరమ్మ

మీ ఇద్దరూ చీరకు అర్థం ఉన్నదా లేదా అన్నట్టు మాట్లాడుతున్నారు. ఆ అర్థాన్ని తయారు చేసి మన కళ్ళలో పెట్టేవారి గురించి ఎవరూ మాట్లాడడం లేదు. నాకు జరిగింది చెబుతాను. నేను ఒక ప్రైవేటు కళాశాలలో ఇంటర్వ్యూకు చీరాల నేత నూలు చీర కట్టుకుని వెళ్ళాను. లోపల కూర్చున్న పెద్దమనిషి సర్టిఫికెట్లు తెరవకముందే, మీరు మా పిల్లలను అదుపులో పెట్టగలరా, కొంచెం మెత్తగా కనిపిస్తున్నారు అన్నారు. నా గొంతు ఇంకా ఆయన వినలేదు. ఆయన చదివింది చీరను.

ఆ చదువు ఆయనకు ఎక్కడ అబ్బింది? మన టీవీ సీరియళ్ళలో అణిగిమణిగి ఉండే కోడలికి నూలు చీర, ఇల్లు కూల్చే ఆడపడుచుకు మెరిసే పట్టు, మందపాటి కాటుక. ఏళ్ళ తరబడి రోజూ సాయంత్రం ఆ పాఠం నడుస్తుంటే బట్టను చూసి స్వభావం చెప్పడం అలవాటైపోదా? ఫ్రాన్స్‌కు చెందిన రోలా బార్త్ 1950లలోనే ఇటువంటివాటిని విప్పి చూపారు. చరిత్ర తయారు చేసినదాన్ని ప్రకృతి సహజమైనదిగా కనిపించేట్టు చేయడమే మీడియా పని అన్నది ఆయన ఆరోపణ. తరువాత 1967లో ఫ్యాషన్ మీద రాసినప్పుడు, పత్రికల్లో బట్ట కింద వేసే వ్యాఖ్యే ఆ బట్టకు అర్థం కట్టబెడుతుందని వాదించారు. మన దగ్గర ఆ వ్యాఖ్యను యాంకరమ్మ నోటితో చెబుతుంది, అంతే తేడా.

ఖద్దరు సంగతి చూడండి. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ మన పెన్న ఒడ్డున పల్లిపాడు ఆశ్రమాన్ని ప్రారంభించిన రోజుల్లో ముతక తెల్లబట్ట కట్టడమంటే సీమగుడ్డను కాదనడం, అవసరమైతే జైలుకు సిద్ధపడడం. ఈనాడు గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా కారు దిగితే మనకు గుర్తొచ్చేది జైలు కాదు, కాంట్రాక్టు. తెలుపు మారలేదు. కనుక అర్థం నూలులోనే ఉంటుందన్న మగ్గం గుంట గారి మాటను నేను ఒప్పుకోలేను. అట్లాగని కట్టుబాటు అని ఒక్క మాటతో సరిపెట్టే మాస్టారి ధోరణీ నాకు చాలదు. ఆ కట్టుబాటును రాసే కలం అందరి చేతిలోనూ ఉండదు.

చిన్నబజారు సేల్స్

కౌంటర్ అవతలి నుంచి ఒక మాట. మేము మరమగ్గం చీరను వెంకటగిరి అని అమ్మము. వెంకటగిరి మోడల్ అంటాము. బిల్లులో కూడా అదే. కొనేవారు ఇంటికి వెళ్ళేలోపు ఆ రెండో మాట రాలిపోతుంది, దానికి మేము ఏం చేయాలి?

మగ్గం గుంట

రాలిపోయే మాటను ఏరి మరీ అతికిస్తారు, అది మీకూ తెలుసు.

టీచరమ్మ గారికి ఒక్క సంగతి. అర్థమంతా నూలులోనే ఉన్నదని నేను ఎక్కడా అనలేదు. మాస్టారు చెప్పిన మూడింటిలో ఆనవాలు సంగతి అడుగుతున్నాను. జాందానీ పనిలో ప్రతి బుటాకూ విడిగా పోగు పెట్టి చేత్తో అల్లుతారు, కనుక ఒక బుటా నుంచి మరో బుటాకు దారం సాగదు. మరమగ్గంలో ఆ దారం వెనకనుంచి సాగుతుంది, తరువాత కత్తిరిస్తారు, కొసలు మిగులుతాయి. ఆ పెద్దావిడ కొంగు తిప్పి చూసింది దాన్నే. ఆమెకు చదవడం వచ్చింది. మిగిలినవారికి రాలేదు. చదవడం రానివారి మాటను అర్థమని పట్టుకుని, వచ్చినవారిని తప్పు పట్టే సిద్ధాంతం చెప్పడం మీకు సులభం, ఎందుకంటే దానివల్ల మీ జీతం తగ్గదు.

కావలి మాస్టారు

జీతాల దాకా వచ్చారు కనుక నేనూ దాపరికం లేకుండా మాట్లాడతాను. ఆ పెద్దావిడకు చదవడం వచ్చిందని మెచ్చుకుంటున్నారు. ఆమె చదివింది పోగును కాదు, ఆ అమ్మాయి తండ్రి ఆదాయాన్ని. పోగు మీద గౌరవమే అయితే నేతగాడి గురించి ఒక్క మాట అడిగి ఉండేది. ఇది మన స్థాయి ఇల్లు కాదన్న తీర్పు ఆ చూపులో ఉన్నది. వెయ్యి రూపాయల లోపు చీర కట్టుకున్న నేరానికి ఒక పిల్ల నలుగురిలో తలవంచుకోవలసి వచ్చింది. దాన్ని మీరు దొంగనోటు అన్నారు. అసలు, నకిలీ అన్న మాటలు ముందు చీరకు తగులుతాయి, తరువాత మనిషికి తగులుతాయి. మొదటి నుంచీ నేను వ్యతిరేకిస్తున్నది దాన్ని.

ఒంగోలు టీచరమ్మ

అయితే ఆ మాట మొదటే రాయవలసింది మాస్టారూ. సొస్యూర్ గారిని ముందు నిలబెట్టి వెనకనుంచి మాట్లాడారు.

మగ్గం గుంట

నేను ఆ అమ్మాయిని అనలేదు, సరుకును అన్నాను. అయినా చెబుతాను, వినండి. మా అమ్మ చేతి మీదుగా ఎన్నో మంచి చీరలు వెళ్ళాయి. వాటిలో ఒక్కటీ మా ఇంటి పెళ్ళికి మా ఇంటివారు కట్టుకోలేదు. షావుకారికి అప్పగించి కూలి తెచ్చుకోవడమే మాకు తెలిసినది. మా అక్క పెళ్ళికి ఆమె కట్టుకున్నది మీరు చెప్పిన మరమగ్గం చీర వంటిదే. కాబట్టి ఆ పెద్దావిడ చూపు ఎలా ఉంటుందో నాకు వేరే చెప్పనక్కరలేదు.

కానీ మీరు ఒక సంగతి తప్పించుకుంటున్నారు. ఆ చూపు ఉన్నది కనుకనే చేనేత చీరకు ఆ ధర పలుకుతుంది. అసలుకూ నకలుకూ తేడా పట్టించుకోని లోకంలో, మనిషి నెలలో నేసేదాన్ని యంత్రం ఎంత త్వరగా తీస్తుందో లెక్క వేసుకోండి. మీరు కోరినట్టు అందరూ అన్నిటినీ వెంకటగిరి అని సమానంగా మెచ్చుకుంటే ఆ అమ్మాయి తల ఎత్తుకుంటుంది, మా మగ్గం గుంట పూడుస్తాము. ఆ పెద్దావిడ అహంకారం నాకు ఇష్టం లేదు. దాని మీదే మా పొయ్యి వెలుగుతున్నది.

కావలి మాస్టారు

మీరు అంత నిక్కచ్చిగా చెప్పినందుకు నా స్వరం తగ్గిస్తున్నాను, వాదన తగ్గించడం లేదు. ఒకరు చిన్నబోవడం మీద నిలిచిన ధర నిలకడగా ఉండదు. టీచరమ్మ చెప్పిన ఖద్దరునే చూడండి. చూపు ఎటు తిరిగితే గుర్తు అటు తిరుగుతుంది. రేపు ఏ సీరియలో నూలు చీరను పాత చింతకాయ పచ్చడిగా చూపించడం మొదలుపెడితే మీకు చట్టాలు మాత్రమే మిగులుతాయి, కొనేవారు మిగలరు. కొనేవారికి కావలసింది నేతగాడి శ్రమను చదవడం. ఇంటి తాహతును చదవడం కాదు. ఆ రెంటినీ ఒకే కొంగు మీద నుంచి చదువుతున్నంతకాలం మీరు నేనూ ఏకీభవించలేము.

మగ్గం గుంట

శ్రమను చదివేవారు వచ్చేదాకా తాహతును చదివేవారితోనే బేరం చేయాలి. ఆ సంగతి పక్కన పెట్టండి. చిన్నబజారు అన్నను ఒకటి అడుగుతాను. బిల్లులో మోడల్ అన్న మాట తీసేసి, మరమగ్గం అని తెలుగులో, చీర పేరు ఎంత పెద్ద అక్షరాలలో ఉంటే అంత పెద్ద అక్షరాలలో వేయగలరా? కొనేవారు తెలిసి కొంటారు, తెలిసి కట్టుకుంటారు, ఎవరూ కొంగు తిప్పనక్కరలేదు.

కావలి మాస్టారు

దీనికి నేను ఒప్పుకుంటాను.

చిన్నబజారు సేల్స్

నేను వేయగలను అన్నా. యజమాని వేయనివ్వరు. అలా రాసినచోట కొనకుండా పక్క షాపుకు వెళతారని ఆయన లెక్క, ఆ లెక్క తప్పని నేను చెప్పలేను.

కొండాయపాళెం

పక్క షాపు కూడా వేస్తే?

చిన్నబజారు సేల్స్

ముందు ఎవరు వేస్తారు?