బయట కొన్న అల్లాయ్ చక్రం గట్టిదో కాదో చూసి చెప్పగలమా?

పాలకొల్లు బాలెనో:
అందరికీ నమస్కారం. మాది బాలెనో డెల్టా మోడల్. కంపెనీ ఇచ్చిన 15 అంగుళాల స్టీల్ రిమ్ములు, 185/65 టైర్లు. టైర్లు అరిగిపోయాయి. ఎలాగూ మారుస్తున్నాం కదా అని అల్లాయ్స్ కూడా వేయిద్దామని కొట్టుకు వెళ్తే రెండు సెట్లు చూపించారు. రెండూ 16 అంగుళాలే, డిజైను కూడా ఇంచుమించు ఒకటే. ఒకదాని వెనక జేడబ్ల్యూఎల్, వీఐఏ అని అచ్చులోనే పోసి ఉంది, ఎంత లోడు మోస్తుందో అంకె కూడా ఉంది. రెండోదాని వెనక సైజు తప్ప ఇంకేమీ లేదు, ధర మాత్రం దాదాపు సగం. కొట్టాయన "అచ్చులో అక్షరాలు ఎవడైనా పోయించుకోవచ్చండి, రెండూ ఒకటే మాలు" అంటున్నాడు. మా నాన్నగారేమో అసలు అల్లాయ్ జోలికే పోవద్దు, మన కాలవ గట్టు రోడ్లకి నిలబడవు అంటున్నారు. చూసో, ఎత్తో, తట్టో చక్రం నాణ్యత తెలుసుకునే దారి ఉందా? లేక కొట్టాయన మాట మీద కొనడమేనా?

తణుకు టైర్ల కొట్టు:
ఉందండి. రెండూ చెరో చేత్తో ఎత్తి చూడండి. బరువున్నది గట్టిది, తేలిగ్గా ఉన్నది పల్చనిది. రోజూ చక్రాలు విప్పి బిగించేవాళ్ళం, ఆ తేడా చేతికి తెలుస్తుంది. మార్కుల సంగతంటారా, మా దగ్గరికి బెండు తీయించడానికి వచ్చేవాటిలో మార్కున్నవీ ఉంటాయి, లేనివీ ఉంటాయి. గాలి తక్కువ పెట్టుకుని గోతిలో దింపితే ఏ చక్రమైనా వంగుతుంది.

అమలాపురం ట్యాక్సీ:
మీ నాన్నగారు చెప్పిందే రైటండి. నేను అమలాపురం నుంచి అంతర్వేది, రాజమండ్రి, కాకినాడ కిరాయిలు వేస్తాను. హైవే బాగానే ఉంటుంది. ఊళ్ళలోకి దిగాకే అసలు సంగతి. దమ్ము రోజుల్లో ట్రాక్టర్లు ఇనప చక్రాలతోనే రోడ్డెక్కి, తారు అంచుని ముక్కలు ముక్కలుగా కొరికేస్తాయి. ఎదురుగా లారీ వస్తే మనం ఆ అంచు మీదికే దిగాలి. అవతల కాలవ. స్టీల్ రిమ్ము వంగితే సుత్తితో కొట్టి ఇంటికొచ్చేయొచ్చు. అల్లాయ్ పగిలితే ఆ రాత్రి అక్కడే. పెళ్ళి కార్లకి అందం కావాలి గానీ మనకెందుకండీ?

ఫౌండ్రీ మనిషి:
నాది రాజోలు దగ్గర, ఉద్యోగం చెన్నై వైపు అల్యూమినియం పోత ఫ్యాక్టరీలో, తనిఖీ విభాగం. తణుకు అన్నగారి మాటతో నాకు పేచీ ఉంది. కొబ్బరికాయ తట్టి చూసినట్టు చక్రాన్ని ఎత్తి చూసి చెప్పడం కుదరదు. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను.

కారు అల్లాయ్స్ ఎక్కువగా అల్యూమినియంలో 7 శాతం దాకా సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం కలిపి పోస్తారు. పోత పోయగానే ఆ లోహానికి రావలసిన బలం రాదు. 540 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, నీళ్ళలో ముంచి, మళ్ళీ 150 డిగ్రీల పైన ఇంకొన్ని గంటలు కాల్చాలి. దీన్నే టీ6 అంటారు. కొలిమి ఖర్చు మిగుల్చుకోవాలనుకునేవాడు ముందుగా కోత పెట్టేది ఇక్కడే. టీ6 చేసిన చక్రం, చేయని చక్రం ఒకే అచ్చులో పోస్తే బరువు ఒకటే, రంగు ఒకటే, తట్టినా తేడా తెలియదు. బలంలో మాత్రం చాలా తేడా.

రెండోది లోపలి బుడగలు. కరిగిన అల్యూమినియం హైడ్రోజన్‌ని పీల్చుకుంటుంది. దాన్ని సరిగా తీసేయకుండా పోస్తే గడ్డకట్టేటప్పుడు సన్న రంధ్రాలు మిగులుతాయి. ఆ లోపం కప్పిపుచ్చడానికి మందంగా పోస్తారు. అంటే బరువుండటం ఒక్కోసారి చేతకానితనానికి గుర్తు. మంచి ఫ్యాక్టరీలో ప్రతి చక్రాన్నీ ఎక్స్‌రేలో చూస్తారు. కొట్లో నిలబడి మనం చూడలేం.

అయినా కంటికి కనిపించేవి కొన్ని ఉన్నాయి. చక్రాన్ని బోర్లా పెట్టండి. పెయింట్ వేయకుండా లేత్ మీద కోసిన భాగాలు, ముఖ్యంగా హబ్బుకి (బండి వైపు చక్రం బిగించే భాగానికి) ఆనుకునే చదును, నట్లు కూర్చునే గుంటలు చూడండి. అక్కడ సూది మొనంత చుక్కలు గుంపుగా కనిపిస్తే ఆ సెట్టు వదిలేయండి. కోసిన చోటే అలా ఉంటే కోయని చోట ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ చదును మీద ఒక స్టీల్ స్కేలు నిలబెట్టి వెనక నుంచి ఫోన్ లైటు వేయండి, వెలుతురు రాకూడదు. తర్వాత బ్యాలెన్సింగ్ మిషన్ మీద టైరు లేకుండా తిప్పించి అంచు పక్కనే ఒక పెన్ను పట్టుకోండి. కొత్త చక్రంలోనే పెన్నుకీ అంచుకీ మధ్య ఖాళీ కంటికి తెలిసేంత మారుతూ ఉంటే అది వంకర చక్రమే.

మార్కుల సంగతి. జేడబ్ల్యూఎల్ అంటే జపాన్ ప్రభుత్వ ప్రమాణం ప్రకారం పరీక్ష చేశామని తయారీదారుడు తానే చెప్పుకోవడం. వీఐఏ అంటే బయటి సంస్థ పరీక్ష చేసి నమోదు చేసింది. మన దగ్గర 2020లో కేంద్రం కారు రిమ్ములకి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ ఆర్డర్ ఇచ్చింది. అక్షరాలు ఎవడైనా పోయించుకోవచ్చన్న మాట నిజమే. అందుకే ఐఎస్‌ఐ గుర్తు దగ్గరుండే సీఎం/ఎల్ నంబరు తీసుకుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి, లైసెన్స్ ఎవరిదో వస్తుంది. దొంగ ముద్ర వేసినవాడు కనీసం దొరికిపోతాడు. ఏమీ రాయని చక్రం వెనక మనిషే లేడు.

అమలాపురం ట్యాక్సీ:
అన్నీ బాగున్నాయి సార్. జపాన్‌లో పరీక్ష పాసైన చక్రం మా ముంగండ రోడ్డు మీద పాసవుతుందా?

ఫౌండ్రీ మనిషి:
మంచి ప్రశ్న అడిగారు. దెబ్బ పరీక్షకి ఐఎస్‌ఓ 7141 అని ఉంది. టైరు ఎక్కించిన చక్రాన్ని 13 డిగ్రీలు వాల్చి, పైనుంచి బరువు జారవిడుస్తారు. చక్రానికి రాసిన లోడులో 0.6 వంతు, దానికి 180 కిలోలు కలిపితే ఆ బరువు. 450 కిలోల లోడు రాసిన చక్రమైతే జారవిడిచే బరువూ 450 కిలోలే, 230 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి. నడిమి భాగం పగలకూడదు, రిమ్ము నుంచి విడిపోకూడదు, నిమిషం లోపల గాలంతా పోకూడదు. అంచు వంగితే మాత్రం ఫెయిల్ కాదు. ఈ ముక్క కొట్లో ఎవరూ చెప్పరు. మార్కు ఉంటే వంగదని కాదు, ముక్కలవదని. తణుకు అన్నగారి దగ్గరికి మార్కున్న చక్రాలు బెండుకి రావడానికి కారణం ఇదే. ముక్కలైనవి బెండు తీయించడానికి రావు కదా.

తణుకు టైర్ల కొట్టు:
అది ఒప్పుకుంటా. కానీ పగిలినవి వెల్డింగ్ చేయించుకుని ఏళ్ళ తరబడి తిరుగుతున్నవాళ్ళు ఉన్నారండి. నేనే చేయించి ఇచ్చాను.

ఫౌండ్రీ మనిషి:
అన్నగారూ, వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల టీ6 బలం పోతుంది. లోపలి అంచు మీద చిన్న చీలిక వరకు సరే, అదీ నెమ్మదిగా తిరిగే బండికి. చువ్వల దగ్గర, నట్ల చుట్టూ చీలితే మాత్రం తుక్కుకి వేసేయాలి.

భీమవరం చెరువు గట్టు:
ఇంతసేపూ గోతుల గురించే మాట్లాడుతున్నారు, ఉప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు. మా వైపు రొయ్యల లోడు బళ్ళు రోడ్డు పొడుగునా నీళ్ళు కార్చుకుంటూ పోతాయి. ఆ తడి మీదే రోజూ తిరగాలి. నా పాత సెట్టు ముఖం మీద మిషన్‌తో కోసి మెరుపు తెప్పించిన రకం, పైన పల్చని వార్నిష్. ఒక రాయి తగిలి వార్నిష్ లేచిన చోట నుంచి కింద తెల్లగా పురుగు పాకినట్టు గీతలు బయల్దేరాయి. అది అందానికే నష్టం అనుకుంటే, ఆ తర్వాత వారానికోసారి గాలి తగ్గడం మొదలైంది. నీళ్ళ తొట్టిలో ముంచితే టైరులో పంక్చర్ లేదు, రిమ్ము అంచుకీ టైరుకీ మధ్య నుంచి బుడగలు వస్తున్నాయి. టైరు ఊడదీస్తే అంచు పొడవునా తెల్ల బూజు. వైరు బ్రష్‌తో గీకి సీలెంట్ రాశాక ఆగింది. అప్పుడే టైరు ఊడదీసిన కుర్రాడు ఇంకో పని చేశాడు. లోపలి వైపంతా తుడిచి, కిరసనాయిలు రాసి, కాసేపాగి పొడిగుడ్డతో తుడిచేసి, మెత్తని సుద్దపొడి చల్లాడు. ఒక చోట వెంట్రుకంత తడి గీత పైకి తేలింది. చీలిక! మామూలు కంటికి అక్కడ ఏమీ లేదు. అందుకే పెయింట్ మందంగా ఉన్న రకం తీసుకోండి, మెరుపు రకం వద్దు. సెకండ్‌హ్యాండ్ అయితే ఈ సుద్ద పరీక్ష లేకుండా డబ్బు ఇవ్వద్దు.

పాలకొల్లు బాలెనో:
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ థాంక్సండీ. అయితే మార్కున్న 16 అంగుళాలవే తీసుకుంటాను.

ఫౌండ్రీ మనిషి:
16 ఎందుకు? లెక్క చూడండి. 185/65 ఆర్15 టైరుకి పక్క గోడ ఎత్తు 185లో 65 శాతం, అంటే 120 మిల్లీమీటర్లు. 195/55 ఆర్16కి 107. పై మోడల్ బాలెనోకి కంపెనీ అదే ఇస్తుంది, చట్రానికి ఇబ్బందేమీ లేదు. కానీ గోతి అంచుకీ రిమ్ముకీ మధ్య ఉండేది ఆ రబ్బరూ గాలీ మాత్రమే. మీరు తిరిగేది గట్టు రోడ్ల మీదైతే 15లోనే మార్కున్న అల్లాయ్స్ అడగండి. పేరులేని 15 కంటే పేరున్న 16 మేలు, పేరున్న 15 రెండింటికన్నా మేలు.

తణుకు టైర్ల కొట్టు:
15లో డిజైన్లు తక్కువండి, ఆర్డర్ పెట్టాలి. కుర్రాళ్ళు 16, 17 తప్ప ముట్టుకోరు. ఇంకో మాట. బయటి చక్రాల నడిమి బెజ్జం పెద్దగా ఉంటుంది, బాలెనో హబ్బు 54.1 మిల్లీమీటర్లు. ఆ ఖాళీకి రింగు వేయకుండా బిగిస్తే 80 దాటాక స్టీరింగ్ వణుకుతుంది, మళ్ళీ చక్రం బాగోలేదని మా మీదికే వస్తారు. రింగు అడిగి వేయించుకోండి. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్ళీ చూపించండి.

అమలాపురం ట్యాక్సీ:
నేను మాత్రం స్టీలు మీదే ఉంటాను. వేయించుకుంటే మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి బాబూ, అల్లాయ్‌కి కొత్త నట్లు ఇస్తే పాత నట్లు కొట్లో వదిలేయకండి. స్టెప్నీ స్టీలుదే కదా, కొన్ని రకాల కొత్త నట్లు దానికి సరిగా కూర్చోవు. ఆ పాత నాలుగూ గుడ్డలో కట్టి జాకీ పక్కన పడేయండి.

పాలకొల్లు బాలెనో:
15లో ఐఎస్‌ఐ గుర్తున్నవి ఆర్డర్ పెట్టమని చెప్పానండి. సీఎం/ఎల్ నంబరు ఫొటో పంపితేనే అడ్వాన్స్ ఇస్తానన్నాను. కొట్టాయన మొహం చిట్లించాడు గానీ సరేనన్నాడు. నాన్నగారు ఇంకా ఒప్పుకోలేదు.